రహస్య ప్రాయశ్చిత్తం చాలునా?

తప్పు చేసినవాడు తనలో తాను మారితే చాలా, లేక ఆ సంగతి నలుగురిలో చెప్పి తీరాలా? మన ధర్మశాస్త్రాలు ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాయి. మనుస్మృతి పదకొండో అధ్యాయం పాపవిముక్తికి దారులు చెబుతూ, చేసినదాన్ని బయటపెట్టడాన్ని అన్నిటికంటే ముందు ఉంచింది. పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం ఆ తర్వాత వచ్చాయి. అక్కడే మరికొంత ముందుకు వెళ్లి, ఇకమీదట ఇలా చేయనని వెనక్కి మళ్లినవాడు శుద్ధుడవుతాడనీ చెప్పింది. మొదటిది లోకం ఎదుట జరిగేది, రెండోది మనిషి లోపల జరిగేది. మన కాలానికి రెండోదే ఇష్టం. మారిన మనసే అసలైన ప్రాయశ్చిత్తమనీ, నలుగురిలో చెప్పుకోవడం అనవసరపు అవమానమనీ చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తున్నారు. ఆ మాట సగమే నిజమని నా వాదన. మిగతా సగం ఎక్కడ తప్పుతుందో చూడటానికి మనసు కంటే తేటగా కనిపించే చోటు ఒకటి ఉంది: ఎన్‌క్రిప్షన్‌లో వాడే ప్రైవేట్ కీ, దానికి కాపలాగా ఉండే పాస్‌ఫ్రేజ్. ఒక మనిషి మారాడన్నప్పుడు అతని లోపల ఏది మారిందో, ఏది మారలేదో చూపించమంటే ఎవరి తరమూ కాదు. పాస్‌ఫ్రేజ్ మార్చినప్పుడు మాత్రం ఆ లెక్క చివరి అంకె దాకా చెప్పవచ్చు.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. కీలు జంటగా పుడతాయి. పబ్లిక్ కీ లోకానికి ఇచ్చేది, ప్రైవేట్ కీ యజమాని దగ్గరే ఉండేది. పబ్లిక్ కీతో మూసిన ఉత్తరాన్ని ప్రైవేట్ కీ ఒక్కటే తెరుస్తుంది; ప్రైవేట్ కీతో చేసిన సంతకాన్ని పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు. ప్రైవేట్ కీ అంటే చివరికి ఒక పెద్ద సంఖ్య. ఇప్పుడు విరివిగా వాడుతున్న ఎడ్25519 పద్ధతిలో దాని మూలం 32 బైట్లు. ఆ సంఖ్యను ఫైలులో ఉన్నదున్నట్టు పెడితే ఫైలు దొరికినవాడే యజమాని అయిపోతాడు. అందుకని యజమానికి గుర్తుండే పాస్‌ఫ్రేజ్‌ను తీసుకుని, బీక్రిప్ట్ వంటి, కావాలనే నెమ్మదిగా నడిపించే లెక్కతో దాని నుంచి ఇంకో కీ తయారుచేసి, ఆ కీతో ప్రైవేట్ కీని కప్పి దాస్తారు. సర్వర్లలోకి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీకైనా, ఉత్తరాలకూ సంతకాలకూ వాడే జీపీజీ కీకైనా పాస్‌ఫ్రేజ్ మార్చడమంటే పాత మాటతో ఆ కప్పు విప్పి, అదే సంఖ్యను కొత్త మాటతో మళ్లీ కప్పడం. కొత్త మాట ఎంత గట్టిదైనా లోపలి సంఖ్యలో ఒక్క అంకె కదలదు. పబ్లిక్ కీ అదే, దాని వేలిముద్ర అదే, నిన్న చేసిన సంతకాలు అవే. రాజముద్రను దాచిన భోషాణానికి తాళం మార్చితే ముద్ర మారదు, ఆ ముద్రతో వెలువడిన శాసనాలూ మారవు.

కాబట్టి పాస్‌ఫ్రేజ్ మార్పు ఇకముందు ఈ ఫైలును తెరవబోయేవాడికే అడ్డు. పాత ఫైలు నకలు ఏ బ్యాకప్ డిస్కులో ఉన్నా, ఎవరికో అమ్మేసిన లాప్‌టాప్‌లో ఉన్నా పాత మాటకే తెరుచుకుంటుంది. ఎస్‌ఎస్‌డీలు పాత సమాచారం మీదే తిరిగి రాయకుండా కొత్త చోట రాస్తాయి గనుక, అదే యంత్రంలో కూడా పాత నకలు కొంతకాలం మిగిలి ఉండవచ్చు. 2022లో లాస్ట్‌పాస్ సంస్థ నుంచి వాడకందార్ల పాస్‌వర్డ్ నిల్వల నకళ్లు దొంగల చేతికి వెళ్లాయి. ఆ వార్త విన్నాక మాస్టర్ పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లకు తమ నిల్వ మీద మాత్రమే అధికారం ఉంది. దొంగ దగ్గరున్న నకలుకు పాత మాటే సరిపోతుంది. లోపల దాచుకున్న ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ ఆయా చోట్లకు వెళ్లి మార్చుకోవడం తప్ప వాళ్లకు దారి మిగల్లేదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఇంకా లోతైనది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని ఆ పొరపాటు వల్ల సర్వర్ మెమరీలోంచి ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా బయటివాళ్లు తోడుకోగలిగారు. పనిచేస్తున్న సర్వర్ మెమరీలో ప్రైవేట్ కీ కప్పు విప్పిన స్థితిలోనే ఉంటుంది, కాబట్టి ఫైలు మీద పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా అన్నది అక్కడ లెక్కలోకే రాలేదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది 2008 మే నెలనాటి డెబియన్ ఉదంతం. 2006లో ఆ లినక్స్ ఆపరేటింగ్ వ్యవస్థలోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన ఒక చిన్న సవరణ వల్ల, కీలు పుట్టించేటప్పుడు కలవవలసిన యాదృచ్ఛికత దాదాపు అంతా పోయింది. ఒక్కో రకం యంత్రం మీద, ఒక్కో పరిమాణానికి పుట్టగలిగే కీలు సుమారు 32 వేలకే పరిమితమయ్యాయి. వాటన్నిటినీ ముందే లెక్కగట్టి జాబితా రాసుకోవచ్చు. దాదాపు రెండేళ్లపాటు ఎందరో తమ కీలను ఎంతో నిష్ఠగా కాపాడుకున్నారు, పొడవైన పాస్‌ఫ్రేజ్‌లు పెట్టుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. ఆ నిష్ఠలో లోపం లేదు. అయినా వాళ్ల కీలోని సంఖ్య మొదటినుంచీ లోకానికి అందుబాటులోనే ఉంది. వాళ్ల పబ్లిక్ కీని నమ్మి తలుపు తెరిచిన ఇతర సర్వర్లు, డెబియన్ ఛాయలు కూడా లేనివి, అదే ప్రమాదంలో పడ్డాయి. కీ యజమాని హృదయం ఎంత శుద్ధంగా ఉన్నా, అతని మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ల ఇళ్లు తెరిచే ఉన్నాయి. ఆ చిక్కుకు విరుగుడు లోపలి నుంచి రాలేదు. డెబియన్ వాళ్లు లోపాన్ని బాహాటంగా ప్రకటించారు, బలహీనమైన కీల జాబితాలను విడుదల చేశారు, ఆ కీలను ఇక నమ్మవద్దని అందరికీ చెప్పారు. కోలుకోవడం అక్కడి నుంచే మొదలైంది.

ఇక్కడ విజ్ఞానేశ్వరుడి మాట అక్కరకొస్తుంది. కళ్యాణి చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో యాజ్ఞవల్క్యస్మృతికి ఆయన రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు, కాబట్టి ఈ చర్చ మన భాషకు కొత్తది కాదు. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుందనీ, తెలిసి చేసినవాడు ప్రాయశ్చిత్తం వల్ల లోకవ్యవహారానికి మాత్రం అర్హుడవుతాడనీ యాజ్ఞవల్క్యుడు అన్నాడు. దాన్ని వివరిస్తూ విజ్ఞానేశ్వరుడు పాపానికి రెండు శక్తులున్నాయన్నాడు: ఒకటి నరకానికి తీసుకుపోయేది, రెండోది నలుగురితో వ్యవహారాన్ని ఆపేది. ఒక శక్తి తొలగినంత మాత్రాన రెండోది తొలగాలని లేదు. ఇది చాలా పదునైన విభజన. తప్పుకు చేసినవాడి లోపల ఒక ఉనికి, అతన్ని నమ్మినవాళ్ల మధ్య మరొక ఉనికి ఉంటాయి. ప్రైవేట్ కీకి కూడా సరిగ్గా అలాగే రెండు ఉనికులున్నాయి. ఒకటి యజమాని ఫైలులో. పాస్‌ఫ్రేజ్ అధికారం అంతవరకే. రెండోది ఎవరెవరి సర్వర్లలోనో, చిరునామా పుస్తకాల్లోనో, సంతకం సరిచూసుకున్న పత్రాల్లోనో ఉన్న నమ్మకం; దాన్ని అందుకోగలిగేది, ఈ కీని ఇక నమ్మవద్దని చెప్పే రద్దు ప్రకటన ఒక్కటే. మొదటిదాన్ని సరిచేసి రెండోది కూడా సరైపోయిందనుకోవడమే నేను తప్పంటున్నది.

మన దేశపు చట్టం ఈ తేడాను సూటిగా పట్టుకుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన శ్రద్ధ తీసుకోవడం సంతకందారు బాధ్యత. అది ఇతరుల చేతిలో పడితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలియజేయాలి. తెలియజేసేదాకా బాధ్యత అతనిదే. పశ్చాత్తాపపడేదాకా అనో, పిన్ మార్చుకునేదాకా అనో అనలేదు. తెలుగు రాష్ట్రాల్లో టెండర్లకూ, కంపెనీ రిటర్నులకూ, పంచాయతీ బిల్లులకూ డిజిటల్ కీలు వాడుతున్న వేలమందికి ఈ వాక్యం నేరుగా వర్తిస్తుంది. ఆ కీ ఉండే డాంగిల్‌ను ఆడిటర్ ఆఫీసులోనో, కింది ఉద్యోగి దగ్గరో పిన్‌తో సహా వదిలేయడం మామూలైపోయిన చోట ఇది చిన్న విషయం కాదు. న్యాయంగా ఇక్కడ ఒక తేడా ఒప్పుకోవాలి. డాంగిల్‌లోని ప్రైవేట్ కీ బయటికి తీసి నకలు చేయడానికి వీల్లేకుండా ఉంటుంది. పాత నకళ్ల బెడద లేదు గనుక, డాంగిల్ తిరిగి చేతికొచ్చాక పిన్ మారిస్తే ముందుకాలానికి అది నిజంగానే పనిచేస్తుంది. కానీ పరాయి చేతిలో ఉన్నప్పుడు పడిన సంతకాలో? అవి యజమాని పేరుతోనే తిరుగుతుంటాయి. పిన్ మార్పు వాటిలో ఒక్కదాన్నీ వెనక్కి పిలవదు.

దీనిమీద బలమైన అభ్యంతరం ధర్మశాస్త్రం నుంచే వస్తుంది. దోషం లోకానికి తెలిసినవాడు పండిత పరిషత్తు చెప్పిన వ్రతం చేయాలి, తెలియనివాడు రహస్యంగా వ్రతం చేసుకోవచ్చు అని యాజ్ఞవల్క్యుడే అన్నాడు. రహస్య ప్రాయశ్చిత్తానికి శాస్త్రంలో చోటుంటే, కీ బయటపడిన సంగతి ఎవరికీ తెలియనప్పుడు నిశ్శబ్దంగా పాస్‌ఫ్రేజ్ మార్చుకుని, కావాలంటే కొత్త కీ కూడా పుట్టించుకుని ఊరుకోవచ్చు కదా? ఈ నియమం వెనక కనికరం ఉంది. చిన్న లోపాలకు మనిషిని బజారుకీడ్చవద్దన్న వివేకం అది, దాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఆ నియమం కొలిచేది లోకానికి తెలిసిందా లేదా అన్నది. లోకానికి హాని ఉందా లేదా అన్నది కాదు. ఎవరికీ తెలియకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేని తప్పులకు అది సరిపోతుంది. కీ విషయంలో ఎదుటివాళ్లకు తెలియకపోవడంలోనే నష్టం ఉంది. పాత కీని నమ్మి ఇవాళ రహస్యం పంపబోయే మిత్రుడికి అది పరాయి చేతిలో ఉందని తెలియదు, కాబట్టే పంపుతాడు. ఇక్కడ శాస్త్రాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం కంటే, విజ్ఞానేశ్వరుడు చూపిన రెండో శక్తిని కొలబద్దగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. వ్యవహారం చెడిన చోట రహస్య వ్రతం చెల్లదు.

బౌద్ధ సంఘం ఈ సంగతిని ఇంకా నిక్కచ్చిగా చూసింది. పక్షానికోసారి ఉపోసథం నాడు భిక్షువులు తమ నియమావళి అయిన పాతిమోక్ఖం చదివేముందు, దోషమున్నవాళ్లు చెప్పాలనీ, లేనివాళ్లు మౌనంగా ఉండాలనీ ప్రకటిస్తారు. ఆ సభలో మౌనమంటే పరిశుద్ధుడినని చెప్పినట్టే. దోషం గుర్తుండి కూడా మౌనంగా ఉన్నవాడు తెలిసి అబద్ధమాడినవాడవుతాడు. పబ్లిక్ కీ పరిస్థితి అచ్చంగా ఇదే. లోకంలోకి వదిలిన కీ, రద్దు కానంత కాలం, తన యజమాని తరఫున ప్రతిరోజూ ఒకే మాట చెబుతూ ఉంటుంది: దీని జంట నా ఒక్కడి దగ్గరే ఉంది. అది ఇక నిజం కాదని తెలిసినవాడు ఊరుకుంటే, ఏమీ చెప్పకపోయినా అబద్ధం చెబుతున్నట్టే.

సరే, చెప్పాలి. ఏమని చెప్పాలి? జీపీజీ పాటించే ఓపెన్‌పీజీపీ ప్రమాణం రద్దు ప్రకటనలో కారణం చెప్పే వీలు కల్పించింది. కొత్త కీ వచ్చింది, కీ రహస్యం బయటపడింది, కీని వాడటం మానేశాను అన్నవి అందులో ముఖ్యమైనవి. 2007 నాటి ఆ ప్రమాణపత్రం వీటి మధ్య ఒక ముఖ్యమైన గీత గీసింది. కొత్త కీ వచ్చిందనో, విరమించాననో అంటే పాత సంతకాలు చెల్లుతూనే ఉంటాయి. రహస్యం బయటపడిందంటే ఆ కీతో చేసిన ప్రతి సంతకాన్నీ అనుమానించాలి, ఎందుకంటే కీ దొరికినవాడు పాత తేదీ వేసి కొత్త సంతకం చేయగలడు. అవమానానికి వెరచి, బయటపడిన కీని విరమించిన కీగా ప్రకటించినవాడు దొంగ చేసిన సంతకాలకు ప్రాణం పోస్తున్నాడు. తప్పు ఒప్పుకోవడంలోనూ అబద్ధం ఆడవచ్చునని ఇంత స్పష్టంగా చూపే ఏర్పాటు నేను మరోచోట చూడలేదు. అనుమానమే తప్ప రూఢి లేనివాడికి మాత్రం ఇది ఉరితాడు కాదు. కారణంతో పాటు తన మాటల్లో వివరం రాసే వీలు కూడా ఉంది, అనుమానమని రాస్తే చాలు. ఇంకో విశేషం: రద్దు పత్రం మీద సంతకం చేయాలంటే సాధారణంగా అదే ప్రైవేట్ కీ కావాలి. పాస్‌ఫ్రేజ్ మరచిపోయినవాడు, ఫైలు పోగొట్టుకున్నవాడు ఆ రోజున రద్దు కూడా చేయలేడు. అందుకే జీపీజీ కొత్త రూపాలు కీ పుట్టిన క్షణంలోనే రద్దు పత్రాన్నీ పుట్టించి, పొరపాటున వాడకుండా చిన్న అడ్డు పెట్టి ఉంచుతాయి. ఏ దోషమూ లేని రోజునే ఒప్పుకోలు రాసిపెట్టుకోవడం! మనుషుల వ్యవహారంలో ఈ అలవాటు ఎంత అరుదో తలచుకుంటే, ఆ చిన్న ఏర్పాటు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

వేదాంతం వైపు నుంచి మరో అభ్యంతరం రావచ్చు. జ్ఞానం కలిగితే కర్మలన్నీ నశిస్తాయంటారు కదా, లోపలి మేలుకొలుపు ముందు బయటి లెక్కలేపాటివి? కానీ బ్రహ్మసూత్రాలు నాలుగో అధ్యాయం మొదటి పాదంలో ఈ విషయం తేల్చిచెప్పాయి. ఫలమివ్వడం ఇంకా మొదలుపెట్టని పూర్వకర్మలకే ఆ నాశనం. మొదలుపెట్టినవి జ్ఞాని శరీరమున్నంతకాలం నడుస్తాయి. బ్రహ్మజ్ఞానానికే ఆ హద్దు ఉన్నప్పుడు, ఒక సాయంత్రపు పశ్చాత్తాపానికి అంతకంటే ఎక్కువ బలం ఎలా వస్తుంది? యంత్రాన్నీ అంతరాత్మనూ ఒకే గాటన కట్టకూడదనే వాళ్లకు నేను చెప్పేది ఇంతే: సంఖ్యకు కర్మ ఉందని నా వాదన కాదు. కీని కనిపెట్టినవాళ్లూ మనుషులే. ఒకసారి చెడిన నమ్మకాన్ని అపరిచితుల మధ్య మళ్లీ ఎలా నిలబెట్టాలన్న ప్రశ్నే వాళ్లకూ ఎదురైంది. పరిషత్తు, సంఘం, చట్టం, ప్రమాణపత్రం వేరువేరు కాలాల్లో ఒకే చోటికి చేరాయంటే, అది యంత్రం స్వభావం కాదు, నమ్మకం స్వభావం.

అలాగని లోపలి మార్పు విలువ తగ్గించడం నా ఉద్దేశం కాదు. దాని వేళ ఏదో తెలియాలి. మీమాంసకులు రోజూ చేయవలసిన నిత్యకర్మనూ, కారణం వచ్చినప్పుడు చేయవలసిన నైమిత్తికాన్నీ విడదీశారు. పాస్‌వర్డ్ మార్పును ఆఫీసులు చాలాకాలం నిత్యకర్మగా నడిపించాయి: మూడు నెలలకోసారి మార్చు. 2010లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు మూతపడిన ఖాతాల పాస్‌వర్డ్‌లను పరిశీలించి, పాతది తెలిస్తే కొత్తదాన్ని చాలా సందర్భాల్లో పట్టుకోవచ్చునని చూపారు. జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటున్నారు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఊరికే గడువు పెట్టి మార్పించవద్దనీ, చేజారినట్టు ఆధారం దొరికితే మాత్రం తప్పక మార్పించాలనీ చెప్పింది. నిమిత్తం లేని మార్పు పాత అలవాటునే కొత్త వేషంలో నడిపిస్తుంది. నిమిత్తంతో వచ్చిన మార్పుకే బలం, ఆ నిమిత్తం ఎంత దూరం పాకిందో అంత దూరం వెళ్లే బాధ్యత కూడా దానితోనే వస్తుంది.

కీ రద్దు చేశాక ప్రైవేట్ కీని చెరిపేసి చేతులు దులుపుకోవడం కుదరదన్నది చాలామంది గమనించని సంగతి. అన్నేళ్లుగా ఆ కీతో మూసి పంపిన ఉత్తరాలు దానికే తెరుచుకుంటాయి. అవి చదవాలన్నా, రాసినవాళ్లకు తిరిగి చూపించాలన్నా, ఎప్పటికైనా సరైన పద్ధతిలో వేరే కీకి మార్చాలన్నా ఆ సంఖ్య ఉండాలి. లోకంలో చెల్లకుండా పోయిన కీనే యజమాని ఇంకా దాచవలసి ఉంటుంది, ఎందుకంటే లోపలున్నవి అతని మాటలు మాత్రమే కావు, అతన్ని నమ్మి రాసినవాళ్ల మాటలు. దొంగ దగ్గర ఒక నకలు ఉన్నంత మాత్రాన రెండో దొంగకు దారి వదలనక్కర్లేదు. కాబట్టి పాస్‌ఫ్రేజ్‌ను బలమైనదానికి మార్చడం అప్పుడు నిజంగా అవసరమవుతుంది. ఆ పని చేసి, పాత నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి చెరిపి, ఎవరెవరు ఆ కీతో ఉత్తరాలు పంపారో జాబితా రాసుకుని, ఏయే రహస్యాలు బయటపడి ఉండవచ్చో వాళ్లలో ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి.